అమెరికాలో పాత పోలీసు సెడాన్ కొనాలనుకుంటే: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

అమెరికాలో పాత పోలీసు కారు దొరకడం కష్టమేమీ కాదు. సర్వీసు అయిపోయిన బళ్లను నగరాలు, కౌంటీలు, రాష్ట్ర పోలీసు విభాగాలు గవ్‌డీల్స్, పబ్లిక్ సర్‌ప్లస్ లాంటి వేలం సైట్లలో పెడుతూనే ఉంటాయి. ఫెడరల్ ప్రభుత్వ వాహనాలు ఆ ప్రభుత్వ ఆస్తుల వ్యవహారాలు చూసే జీఎస్ఏ అనే సంస్థ వేలంలోకి వస్తాయి. సెకండ్ హ్యాండ్ క్యామ్రీ ధర చూసి కంగారుపడిన మన విద్యార్థికో, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికో అంతకంటే చాలా తక్కువలో వీ8 ఇంజన్ ఉన్న పెద్ద సెడాన్ కనిపిస్తే మనసు అటు పోతుంది. పైగా "పోలీసులు వాడిన బండి గట్టిగా ఉంటుంది, సర్వీసింగ్ టైముకి చేయించి ఉంటారు" అని ఎవరో ఒకరు చెబుతారు.

ఆ మాటలో కొంత నిజం ఉంది. ఈ కార్లలో రేడియేటర్, బ్రేకులు, సస్పెన్షన్, ఆల్టర్నేటర్ మామూలు మోడళ్ల కంటే బలంగా పెడతారు. చాలా విభాగాలు ఆయిల్ మార్పించడంలో పద్ధతిగా ఉంటాయి. అయితే కారు ఎంత బలంగా తయారైందో, దానితో అంత కఠినంగా పని చేయించుకుంటారు. అందుకని ఏ మోడల్ మంచిదనే ప్రశ్న కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఈ కారు ఎన్ని గంటలు పనిచేసింది? దీన్ని వెనక నుంచి ఎవరైనా గుద్దితే లోపలున్నవాళ్ల పరిస్థితి ఏమిటి? దీని వెనక సీట్లో మీవాళ్లు భద్రంగా కూర్చోగలరా? పోలిక ఈ మూడింటితో మొదలుపెడితే చాలా కార్లు జాబితాలోంచి వాటంతట అవే తప్పుకుంటాయి.

మైళ్లు కాదు, గంటలు చూడండి

గస్తీ కారు రోజులో ఎక్కువ భాగం నిలబడే ఉంటుంది, కానీ ఇంజన్ ఆగదు. లోపల కంప్యూటర్, రేడియో, పైన లైట్లు, ఏసీ అన్నీ నడుస్తూనే ఉంటాయి. ఓడోమీటర్ మీద ఒక్క మైలు కూడా పెరగదు, ఇంజన్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఇలా కారు కదలకుండా ఇంజన్ నడవడాన్నే ఐడిల్ అంటారు. ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ తక్కువగా ఉంటుంది, గాలి తగలక బానెట్ కింద వేడి పేరుకుంటుంది. ఒక గంట ఐడిల్‌ని సుమారు 33 మైళ్ల ప్రయాణంగా లెక్కించమని ఫోర్డ్ కంపెనీయే చెబుతుంది.

ఈ లెక్కన 95,000 మైళ్లు తిరిగిన కారుకి 4,500 గంటల ఐడిల్ ఉంటే, ఆ గంటలే 1,48,500 మైళ్లతో సమానం. ఇంజన్ వరకు అది దాదాపు రెండు లక్షల నలభై వేల మైళ్ల బండి. వేలం ప్రకటనలో మాత్రం 95,000 అనే కనిపిస్తుంది.

2006 నుంచి వచ్చిన క్రౌన్ విక్టోరియాల్లో మీటర్ డిస్‌ప్లేలోనే ఇంజన్ గంటలు చూసుకోవచ్చు. తర్వాతి పోలీసు కార్లలోనూ ఈ సౌకర్యం ఉంది, కొన్నింటిలో ఐడిల్ గంటలు విడిగా చూపిస్తాయి. విడిగా లేకపోతే మొత్తం మైళ్లను మొత్తం గంటలతో భాగించండి. గంటకు 12, 14 మైళ్ల సగటు వచ్చిందంటే అది ఊళ్లో గస్తీ తిరిగిన కారు. 25 దాటితే హైవే మీద తిరిగిందో, ఒకే అధికారి ఇంటికి తీసుకెళ్లి వాడుకున్నదో అయి ఉంటుంది. ధర కాస్త ఎక్కువైనా రెండోదే నయం. డిటెక్టివ్‌లు, పై అధికారులు వాడిన గుర్తుల్లేని కార్లు ఇంకా మేలు. వాటికి పైకప్పు మీద రంధ్రాలుండవు, లోపల ముందు సీట్లనీ వెనక సీటునీ వేరుచేసే ఇనుప కేజ్ ఉండదు, వెనక మామూలు సీటే ఉంటుంది.

వేలం పెట్టిన విభాగానికి ఫోన్ చేసి ఫ్లీట్ మేనేజర్‌ని అడిగితే సర్వీసు రికార్డు ఇచ్చే అవకాశం ఉంది. ప్రభుత్వ ఆస్తి కాబట్టి మొహమాటపడాల్సిన పని లేదు. అదే బండిని వేలంలో కొని, పాలిష్ చేసి, పక్క ఊళ్లో అమ్మే డీలర్ దగ్గర ఆ కాగితాలు దొరకడం అరుదు.

క్రౌన్ విక్టోరియా: అందరికీ తెలిసిన కారు, అందరూ తెలుసుకోవాల్సిన ట్యాంకు

పోలీసు కారు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా పోలీస్ ఇంటర్‌సెప్టర్. విన్ నంబర్‌లో (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) 5, 6, 7 స్థానాల్లో పీ71 అని ఉంటే అది పోలీసు మోడల్. చివరి రెండేళ్లలో అది పీ7బీ అయింది. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని సెయింట్ థామస్ ప్లాంటులో 2011 సెప్టెంబర్ 15న ఆఖరి క్రౌన్ విక్టోరియా తయారైంది. అంటే ఈ రకంలో ఎంత కొత్త కారు దొరికినా దాని వయసు పదేళ్ల పైమాటే.

దీన్ని ఇష్టపడటానికి గట్టి కారణాలున్నాయి. ట్రక్కులకు ఉన్నట్టు విడి ఫ్రేము మీద బాడీ బిగించిన నిర్మాణం, వెనక చక్రాలకు శక్తినిచ్చే 4.6 లీటర్ల వీ8, లోపల విశాలమైన చోటు. పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా చేస్తాడు. టాక్సీ కంపెనీలు ఈ కార్లనే వేలంలో కొని ఏళ్ల తరబడి తిప్పాయి. 2003లో ఫ్రేము, ముందు సస్పెన్షన్, స్టీరింగ్ మార్చారు కాబట్టి ఆ ఏడాది, ఆ తర్వాత వచ్చినవే చూడండి. అంతకుముందు 4.6 ఇంజన్లలో చాలావాటికి ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఉండేది. అది పగిలి కూలంట్ కారిపోయేది. దాని మీద కోర్టు కేసు నడిచి, కంపెనీ రాజీకి వచ్చింది.

ఇక భద్రత విషయానికి వద్దాం. క్రౌన్ విక్టోరియా పెట్రోల్ ట్యాంకు వెనక ఇరుసుకి వెనకాల, ట్రంక్‌కి ముందు నిలువుగా ఉంటుంది. పెద్ద వేగంతో ఎవరైనా వెనక నుంచి గుద్దితే కారు వెనక భాగం నలిగి, ట్యాంకు ముందుకు జరిగి ఇరుసు దగ్గరి బోల్టులకు, లోహపు అంచులకు గుచ్చుకునే ప్రమాదం ఉంది. పెట్రోల్ చిమ్మి, నిప్పురవ్వ తగిలితే కారు క్షణాల్లో అంటుకుంటుంది. హైవే అంచున ఆగి ఉన్న పోలీసు కార్లను వేరే వాహనాలు ఇలా గుద్దిన ఘటనల్లో పలువురు అధికారులు చనిపోయారు. 2001 మార్చిలో ఫీనిక్స్‌లో ఒక టాక్సీ వందకు పైగా మైళ్ల వేగంతో వచ్చి గుద్దడంతో ఒక పోలీసు అధికారి తీవ్రంగా కాలిపోయి, ప్రాణాలతో బయటపడ్డారు.

రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ 2001 నవంబర్‌లో దర్యాప్తు మొదలుపెట్టి, 2002 అక్టోబర్‌లో లోపం ఉందని తేల్చకుండానే ముగించింది. అప్పటి ఫెడరల్ ప్రమాణం ప్రకారం వెనక నుంచి గంటకు 30 మైళ్ల వేగంతో గుద్దినా పెట్రోల్ కారకుండా ఉంటే చాలు. క్రౌన్ విక్టోరియా ఆ పరీక్ష నెగ్గిన కారే. కానీ రోడ్డు మీద జరిగినవి దానికి రెండింతలు, మూడింతల వేగంతో జరిగిన ప్రమాదాలు. అరిజోనా రాష్ట్రం గట్టిగా పట్టుబట్టడంతో ఫోర్డ్ 2002లో పోలీసు కార్లకు రక్షణ కవచాల కిట్ ఉచితంగా ఇచ్చింది. ఇరుసు, డిఫరెన్షియల్ చుట్టూ ఉన్న పదునైన భాగాలు ట్యాంకుకి తగలకుండా అడ్డుపెట్టే ప్లాస్టిక్ కవచాలు అవి. తర్వాత కారులోనే మంటలార్పే వ్యవస్థను కూడా ఆప్షన్‌గా అమ్మింది.

కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయాలు ఏమిటంటే, మొదట కారు కిందకి దూరి వెనక ఇరుసు చుట్టూ ఆ కవచాలున్నాయో లేదో కళ్లారా చూడాలి. ఎప్పుడో రిపేరు చేసినప్పుడు విప్పేసి మళ్లీ పెట్టకపోయి ఉండొచ్చు. మంటలార్పే వ్యవస్థ ఉన్న కారే అయినా, ఇన్నేళ్ల తర్వాత అది పనిచేస్తుందని నమ్ముకోకండి. ట్రంక్‌లో జాకీ, స్పానర్లు, ఇనుప రాడ్లు లాంటివి మొన ట్యాంకు వైపు ఉండేలా పెట్టకూడదు. వెనక నుంచి దెబ్బ తగిలినప్పుడు అవే ట్యాంకులోకి దిగబడతాయి. పోలీసు విభాగాలకు ఫోర్డ్ ట్రంక్ సర్దుకునే ప్రత్యేక కిట్ ఇవ్వడానికి కారణం ఇదే. బరువైన సామాను అడ్డంగా పెట్టి, కదలకుండా కట్టండి.

ఈ ప్రమాదం మీకు ఎంతవరకు వర్తిస్తుందో కూడా సరిగ్గా అంచనా వేసుకోవాలి. పోలీసు అధికారి రోజూ గంటల తరబడి హైవే అంచున ఆగి ఉంటాడు. మీరు అలా ఆగరు. కాబట్టి మీకున్న ముప్పు ఆయనకున్నంత కాదు. అయినా హైవే మీద కారు చెడిపోతే మాత్రం లోపల కూర్చుని టో ట్రక్ కోసం ఎదురుచూడకండి. ట్రాఫిక్ లేని వైపు నుంచి దిగి, గార్డ్ రైల్ అవతలికి వెళ్లి నిలబడండి. ఏ కారుకైనా ఇదే మంచిది. క్రౌన్ విక్టోరియాలో అయితే ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

ట్యాంకు గురించి జరిగినంత చర్చ జరగని లోపం ఇంకొకటి ఉంది. నా దృష్టిలో రోజువారీ వాడకానికి అదే పెద్దది. క్రౌన్ విక్టోరియాకి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేదు, చివరి ఏడాది వరకూ రాలేదు. కారు జారి పక్కకు తిరగబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలోకి తెచ్చే వ్యవస్థ అది. 2012 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకూ తప్పనిసరి చేశారు. బరువైన కారు, వెనక చక్రాల నడక, స్టెబిలిటీ కంట్రోల్ లేదు, కింద మంచు. మొదటిసారి చికాగోలోనో మిషిగన్‌లోనో చలికాలం చూడబోతున్నవాళ్లకు ఇది సరైన కారు కాదు. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉంటే ఆలోచించవచ్చు.

మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల కారైతే తుప్పు కూడా చూడాలి. ఆ రాష్ట్రాల్లోని 2005-2011 కార్లకు స్టీరింగ్ షాఫ్ట్ తుప్పు పట్టే సమస్య మీద 2013లో రీకాల్ (లోపమున్న కార్లను కంపెనీయే పిలిచి ఉచితంగా సరిచేయడం) వచ్చింది. 2003-2005 కార్లలో లైట్లను నడిపే మాడ్యూల్ పాడై, నడుస్తుండగానే హెడ్‌లైట్లు ఆరిపోయే సమస్యకు కూడా రీకాల్ ఉంది. ఈ రెండూ పూర్తయ్యాయో లేదో తేలకుండా రాత్రిపూట నడపకండి.

ఈ కారే కావాలని మనసు పడితే, దాని తోబుట్టువు మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్ కూడా చూడమని చెబుతాను. అదే ఫ్రేము, అదే 4.6 ఇంజన్. చాలావరకు పెద్దవయసువాళ్లు మెల్లగా నడిపి, గ్యారేజీలో పెట్టుకున్న కార్లు. ట్యాంకు ఉన్న చోటు, స్టెబిలిటీ కంట్రోల్ లేకపోవడం అందులోనూ అంతే. కానీ వేల గంటల ఐడిల్, వెనక ప్లాస్టిక్ సీటు, కోసేసిన వైర్లు ఉండవు. అదే డబ్బుకి దొరికితే పీ71 కంటే గ్రాండ్ మార్క్విసే తెలివైన ఎంపిక.

డాడ్జ్ చార్జర్: అందరికీ ముందు ఇదే నచ్చుతుంది

చార్జర్ పోలీసు వెర్షన్ 2006 మోడల్ నుంచి 2023 వరకు వచ్చింది. ఇందులో 2006-2010 కార్ల సంగతి ముందే తేల్చేయాలి. వాటిలో డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే, టకాటా కంపెనీ చేసిన ఇన్‌ఫ్లేటర్లు పేలి లోహపు ముక్కలు చిమ్మడంతో మరణాలు సంభవించాయి. 2022 నవంబర్‌లో కంపెనీ, ఎన్‌హెచ్‌టీఎస్ఏ కలిసి రిపేరు కాని ఆ కార్లను అసలు నడపవద్దని హెచ్చరిక ఇచ్చాయి. రిపేరు ఉచితం. 2015 వరకు వచ్చిన చార్జర్లకు కూడా టకాటా రీకాల్స్ ఉన్నాయి. ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్లో విన్ నంబర్ కొడితే ఏ రీకాల్ మిగిలి ఉందో వెంటనే తెలుస్తుంది. వేలంలో పాడుకునే ముందే ఆ పని చేయండి. మిగిలి ఉంటే కారుని ఇంటికి నడుపుకుంటూ రాకండి, టో చేయించి నేరుగా డీలర్ దగ్గరికి పంపండి.

2011లో చార్జర్‌ని బాగా మార్చారు. 292 హార్స్‌పవర్ ఉన్న 3.6 లీటర్ల వీ6, 370 హార్స్‌పవర్ ఉన్న 5.7 హెమీ వీ8 ఇందులో వచ్చాయి. కుర్రాళ్ల చూపంతా హెమీ మీదే ఉంటుంది. కానీ పోలీసు కారు రూపంలో హెమీ కొనడం రిస్క్ ఎక్కువని నా గట్టి అభిప్రాయం. ఈ ఇంజన్లలో వాల్వులను కదిపే లిఫ్టర్లు అరిగి క్యామ్‌షాఫ్ట్‌ని పాడుచేయడం తెలిసిన జబ్బే. ఎక్కువసేపు ఐడిల్‌లో ఉన్న ఇంజన్లకు ఇది త్వరగా వస్తుందని మెకానిక్‌లు చెబుతారు, పోలీసు కారు బతుకంతా ఐడిలే. స్టార్ట్ చేసి వేడెక్కాక కూడా టిక్ టిక్ చప్పుడు ఆగకపోతే ఆ కారుని వదిలేయండి. అక్కడ కారు ధరతో పోటీపడే బిల్లు ఎదురుచూస్తుంటుంది. పైగా హెమీ చార్జర్లు దొంగలకు బాగా ఇష్టమైన కార్లు, ఇన్సూరెన్స్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కొత్త డ్రైవర్‌కి, అమెరికాలో డ్రైవింగ్ రికార్డు లేనివాళ్లకు అది ఇంకా పెరుగుతుంది. పాడుకునే ముందే విన్ నంబర్‌తో కోట్ తీసుకోండి.

వీ6 చార్జర్ మాత్రం పోలిస్తే నమ్మదగ్గది. తొలినాళ్లలో, 2011-13 మధ్య, ఎడమ సిలిండర్ హెడ్ సమస్య వచ్చి కంపెనీ వారంటీ పెంచింది. 2014 తర్వాతివి మెరుగు. స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, బ్రేకులు గొప్పగా పనిచేస్తాయి. మిషిగన్ స్టేట్ పోలీసులు ఏటా పోలీసు కార్లన్నిటినీ ట్రాక్ మీద నడిపి బ్రేకింగ్, వేగం, మలుపుల ఫలితాలు అందరికీ అందుబాటులో పెడతారు. రెండు మోడళ్ల మధ్య ఊగిసలాడేవాళ్లు ఆ నివేదికలు చదివితే చాలా సందేహాలు తీరతాయి.

టారస్ ఆధారంగా వచ్చిన ఫోర్డ్ ఇంటర్‌సెప్టర్ సెడాన్

క్రౌన్ విక్టోరియా తర్వాత ఫోర్డ్ 2013 నుంచి 2019 వరకు చికాగోలో తయారుచేసిన కారు ఇది. భద్రత ఒక్కటే కొలమానమైతే ఈ జాబితాలో నా మొదటి ఓటు దీనికే. పాత ట్యాంకు వివాదం ఫోర్డ్‌కి బాగా గుర్తుండే ఉంటుంది, అందుకే ఈ కారుని గంటకు 75 మైళ్ల వేగంతో వెనక నుంచి గుద్దించి పరీక్షించి, ఆ విషయాన్ని ప్రకటనల్లో గట్టిగా చెప్పుకుంది. స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, చాలా కార్లకు నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఆల్ వీల్ డ్రైవ్ ఉంది. మంచు కురిసే ఊళ్లలో ఇది చాలా పెద్ద తేడా.

దీని బలహీనత ఇంజన్ లోపల దాగి ఉంది. 3.5, 3.7 వీ6 ఇంజన్లలో వాటర్ పంపు బయట కాకుండా టైమింగ్ చెయిన్‌తో తిరుగుతూ లోపల ఉంటుంది. అది లీకైతే కూలంట్ ఆయిల్‌లో కలిసి ఇంజన్ మొత్తాన్ని తినేస్తుంది. మార్చాలంటే లేబరే ఎక్కువ అవుతుంది. ఆయిల్ మూత తీసి చూడండి, డిప్‌స్టిక్ మీద పాల టీ రంగు కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి వచ్చేయండి. కూలంట్ మట్టం తక్కువగా ఉండి, కింద ఎక్కడా తడి లేకపోయినా అనుమానించాల్సిందే. ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో ముందున్న ట్రాన్స్‌ఫర్ యూనిట్‌లో ఆయిల్ మార్చారో లేదో అడగండి, చాలామంది దాన్ని అసలు ముట్టుకోరు. 365 హార్స్‌పవర్ ఉన్న టర్బో ఇంజన్ వెర్షన్ నడపడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ మొదటి కారుగా మామూలు వీ6 చాలు.

లోపల చోటు మాత్రం బయటి సైజుని చూసి అనుకున్నంత ఉండదు. కొనేముందు వెనక సీట్లో ఒకసారి కూర్చుని చూడండి.

ఇంపాలా, కప్రీస్

షెవర్లే ఇంపాలా పోలీసు ప్యాకేజీని 9సీ1 అంటారు. ముందు చక్రాల నడక, వీ6 ఇంజన్, తక్కువ ధర, మంచులో పట్టు. ఆకర్షణ ఏమీ లేని కారు, అదే దాని సుగుణం. 2012లో వచ్చిన 302 హార్స్‌పవర్ 3.6 ఇంజన్ పాతవాటి కంటే చాలా చురుకు. 2008-2012 పోలీసు ఇంపాలాలకు ముందు కంట్రోల్ ఆర్మ్ విరిగే ప్రమాదం మీద 2012లో, 2006-2014 ఇంపాలాలకు ఇగ్నిషన్ స్విచ్ మీద 2014లో రీకాల్స్ వచ్చాయి. రెండూ అయ్యాయని నిర్ధారించుకుంటే ఊళ్లో తిరగడానికి ఇది ఫర్వాలేదు.

షెవర్లే కప్రీస్ పీపీవీ వేరే కథ. ఆస్ట్రేలియాలో హోల్డెన్ కంపెనీ తయారుచేసి పంపగా, 2011 నుంచి 2017 వరకు అమెరికాలో పోలీసులకే అమ్మారు. 355 హార్స్‌పవర్ 6.0 లీటర్ల వీ8, విశాలమైన వెనక సీటు. నడిపితే అద్భుతమైన కారు. కానీ ఆ ఫ్యాక్టరీ 2017 అక్టోబర్‌లో మూతపడింది. ఇంజన్ భాగాలు దొరుకుతాయి, డోర్, బంపర్, అద్దం లాంటి బాడీ భాగాలకు వేట తప్పదు. చిన్న యాక్సిడెంట్‌కే ఇన్సూరెన్స్ కంపెనీ "టోటల్ లాస్" అనేసే అవకాశం ఎక్కువ. రెండో కారుగా, ఇష్టంతో పెట్టుకునేవాళ్లకే ఇది.

వెనక సీటు, రంధ్రాలు, తాళాలు

కుటుంబం ఉన్నవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. గస్తీ కార్లలో వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోకుండా చేసి ఉంటారు. కిటికీలు కూడా వెనకనుంచి దిగవు. నిందితుల్ని తీసుకెళ్లడానికి అది అవసరం. మీ అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి వెనక కూర్చున్నప్పుడు ప్రమాదం జరిగి, ముందువాళ్లు స్పృహ తప్పితే వాళ్లు బయటికి రాలేరు. పైన చెప్పిన పెట్రోల్ మంటల సంగతి దీనికి కలిపి చూడండి. తలుపుల లింకు రాడ్లు, స్విచ్‌లు తిరిగి పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు. అది అయ్యేవరకు వెనక ఎవరినీ కూర్చోబెట్టవద్దు.

వెనక ప్లాస్టిక్ సీటు ఉంటే పిల్లల కార్ సీటు సరిగా బిగదు, బెల్టు అమరికా వేరుగా ఉంటుంది. అదే మోడల్ మామూలు కారు నుంచి తీసిన సీటు, బెల్టులు జంక్‌యార్డులో వెతికి మొత్తం సెట్టుగా మార్పించాలి. ముందు సీట్ల వెనక కేజ్ అలాగే ఉంచితే వెనక కూర్చున్నవాళ్ల తల ఇనుముకి తగులుతుంది. తీసేయండి. ముందున్న పుష్ బంపర్ కూడా తీసేయడమే మేలు, అది ముందు భాగం నలిగే తీరుని మార్చేస్తుంది.

లైట్లు, యాంటెన్నాలు, రేడియోలు పీకేసిన చోట రంధ్రాలు మిగులుతాయి. పైకప్పువి వాన నీళ్లు తెస్తాయి. ట్రంక్‌లోవి, ఫైర్‌వాల్‌లోవి (ఇంజన్‌కీ కారు లోపలికీ మధ్య ఉండే గోడ) ఇంకా ప్రమాదం, వాటిలోంచి పొగ లోపలికి వస్తుంది. ఫోర్డ్ పోలీసు ఎస్‌యూవీ అయిన ఎక్స్‌ప్లోరర్లలో కార్బన్ మోనాక్సైడ్ ఫిర్యాదులు వచ్చినప్పుడు, పరికరాలు బిగించాక సరిగా మూయని రంధ్రాలు కారణమని ఫోర్డ్ 2017లో చెప్పింది. సెడాన్‌కీ ఆ జాగ్రత్త వర్తిస్తుంది. రబ్బరు గ్రోమెట్లు, సీలెంట్‌తో అన్నీ మూయించండి. హడావుడిగా కత్తిరించి వదిలేసిన వైర్లను ఆటో ఎలక్ట్రీషియన్‌తో తీయించాలి. వాటిలో కొన్నింటికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంటుంది, షార్ట్ అయితే మంటే.

చాలా విభాగాలు కార్లన్నిటికీ ఒకే తాళంచెవి తీసుకుంటాయి. క్రౌన్ విక్టోరియాల్లో ఇది మరీ ఎక్కువ. ఆ తాళంచెవి ఉన్న ఎవరైనా మీ కారు తెరవగలరు. తాళాలు, ఇగ్నిషన్ సిలిండర్ మార్పించండి.

టైర్ల పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూస్తే ఏ వారం, ఏ ఏడాది తయారయ్యాయో తెలుస్తుంది. వేలంకి వచ్చే కార్లకు మంచి టైర్లు తీసేసి పాతవి వేసి ఉండొచ్చు. నాలుగు టైర్ల ఖర్చు మొదటే బడ్జెట్లో పెట్టుకోండి.

చట్టం, వీసా, రోడ్డు మీద చూపులు

ఎరుపు, నీలం లైట్లు, సైరన్, విభాగం గుర్తులు ఏవీ మిగలకూడదు. కాలిఫోర్నియాలో పోలీసు కారులా కనిపించే రంగు వేసిన వాహనాన్ని సొంతంగా ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. మిగతా రాష్ట్రాల నియమాలు వేరువేరుగా ఉంటాయి, స్పాట్‌లైట్ విషయంలో కూడా. నలుపు తెలుపు రంగుల కారైతే ఒకే రంగు వేయించుకోవడం ఉత్తమం. పోలీసునని నమ్మించారన్న ఆరోపణ ఎవరికైనా తీవ్రమైనదే. ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు అరెస్టు రికార్డు అంటే వీసా స్టాంపింగ్ దగ్గర, గ్రీన్ కార్డు దగ్గర వచ్చే టెన్షన్ వేరు. స్నేహితుల్ని ఆటపట్టించడానికి కూడా స్పాట్‌లైట్ వేయకండి.

గుర్తులన్నీ తీసేసినా కొంతమంది మీ కారుని చూసి సడెన్‌గా బ్రేకు వేస్తారు, ఎడమ లేన్‌లో ముఖ్యంగా. ముందు కారుతో మామూలు కంటే ఎక్కువ దూరం ఉంచాలి.

ఎవరికి ఏది

ఇంట్లో ఒకే కారు ఉండి, ఆఫీసుకీ స్కూలుకీ అదే కావాలంటే నా సలహా సూటిగా చెబుతాను: పోలీసు కారు వద్దు. సర్వీసు రికార్డు ఉన్న పాత కొరోలా, సివిక్, క్యామ్రీలలో ఏదో ఒకటి తీసుకోండి. మైళ్లు ఎక్కువున్నా సరే. పోలీసు కారు వేలంలో చవక, తర్వాత టైర్లు, సస్పెన్షన్, వెనక సీటు, తాళాలు, వైరింగ్ అన్నీ కలిపితే ఆ చవకతనం చాలావరకు కరిగిపోతుంది. పెట్రోల్ సంగతి సరేసరి, క్రౌన్ విక్టోరియా ఊళ్లో గ్యాలన్‌కి పదిహేను మైళ్ల దగ్గర తచ్చాడుతుంది. రోజూ దూరం వెళ్లే విద్యార్థికి అది మోయలేని బరువు.

పోలీసు కారే కావాలంటే, మంచు ప్రాంతాల్లో 2014 తర్వాతి టారస్ ఇంటర్‌సెప్టర్, ఆల్ వీల్ డ్రైవ్‌తో, గుర్తుల్లేనిది. ఎండ ప్రాంతాల్లో వీ6 చార్జర్. బడ్జెట్ బాగా తక్కువైతే రీకాల్స్ పూర్తయిన 2012 తర్వాతి ఇంపాలా. కారు పని సొంతంగా చేసుకోవడం ఇష్టమై, ఇంట్లో ఇంకో కారు ఉంటే కవచాలున్న 2006-2011 క్రౌన్ విక్టోరియా. ఇందులో పిల్లల్ని తిప్పకుండా ఉండగలిగితేనే.

వేలం అంటే "యాజ్ ఈజ్", కొన్నాక ఎవరినీ అడగడానికి లేదు. పాడిన ధర మీద బయర్స్ ప్రీమియం (వేలం సైటు తీసుకునే రుసుము), పన్ను, టో ఖర్చు కలుస్తాయి. బండి ఉన్న యార్డుకి ముందే వెళ్లి చూసే రోజు ఇస్తారు, ఆ రోజు తప్పకుండా వెళ్లండి. కోల్డ్ స్టార్ట్ వినాలి, అంటే మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే అనుమానించాలి. టార్చిలైటు, కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే చిన్న ఓబీడీ స్కానర్, పరుచుకోవడానికి ఒక పాత దుప్పటి తీసుకెళ్లి వెనక ఇరుసు కిందకి దూరండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్, అంటే బాగా దెబ్బతిన్న బండి, అని ఉందేమో అడగండి. కొన్నాక మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, కూలంట్, బ్రేకు ఫ్లూయిడ్ మార్పించి, బాల్ జాయింట్లు, బ్రేకు గొట్టాలు చూపించి, మిగిలిన రీకాల్స్‌కి డీలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెనక తలుపుల్ని లోపలి నుంచి మీరే కూర్చుని తెరిచి చూశాకే ఇంకొకరిని ఎక్కించుకోండి.